పిడి మారితే కత్తే మారాలి

సంప్రదాయ ఇటాలియన్ ఫెన్సింగ్ పిడిని కొనడం చిన్న బేరమే అనిపిస్తుంది. కానీ దానికి సరిపడే బ్లేడు, గార్డు, నేర్పే గురువు దొరికితేనే ఆ బేరం పూర్తవుతుంది.

ఫెన్సింగ్ సామగ్రి అమ్మేవారికి 'ఇటాలియన్ పిడి ఒకటి పంపండి' అని ముక్తసరిగా ఆర్డరు పెడితే వచ్చే పొట్లంలో ఓ లోహపు పోత ముక్క ఉండే అవకాశమే ఎక్కువ. తుపాకి పిడిలా వంగి, వేళ్ల మధ్య ఇమిడేందుకు వీలుగా రెండు మూడు కొమ్ములతో ఉండే దాని పేరు విస్కోంటి. పేరు ఇటలీదే. ఇటలీ క్రీడాకారులు ఇప్పుడు ఎక్కువగా వాడేదీ అలాంటిదే. కాబట్టి అమ్మినవారు మోసం చేశారనడానికి లేదు. అయినా కొన్నవారు కోరుకున్నది అది కాదు. వాళ్ల మనసులో ఉన్నది ఉక్కు అడ్డకడ్డీ, దాని ముందు రెండు వంపు కమ్ములు, నున్నటి చెక్క పిడి, చివర బరువైన గుండు, మణికట్టుకు చుట్టుకునే పట్టీ. ఒకప్పుడు ఇటలీలో కత్తి పిడి అంటే అదే. ఇప్పుడు 'సంప్రదాయ ఇటాలియన్' అని విడమరిచి చెబితే తప్ప అమ్మేవారికి అర్థం కాని పరిస్థితి.

పొరపాటు అక్కడితో ఆగితే సరుకు వెనక్కి పంపి మరొకటి తెప్పించుకోవచ్చు. అసలు చిక్కు ఆ తర్వాతే మొదలవుతుంది. కోరుకున్న పిడే వచ్చినా అది చేతిలో ఉన్న కత్తికి ఎక్కదు. ఫ్రెంచి పిడికో, పిస్టల్ పిడికో తయారైన బ్లేడు దానిలో నిలవదు. గార్డు మధ్యలోని రంధ్రం సరిపోదు. విద్యుత్ తీగ తగిలించే సాకెట్‌కు చోటు చాలదు. నాడా దొరికిందని గుర్రాన్ని కొన్నట్లు, పిడి దొరికిందని మొత్తం కత్తినే కొత్తగా కొనాల్సి వస్తుంది. మామూలుగా ఆ సామెతను వెటకారానికి వాడతారు. ఈ ఒక్క బేరంలో మాత్రం గుర్రాన్ని కొనడమే తెలివైన పని.

బ్లేడు దాకా వెళ్లే వేళ్లు

ఆధునిక ఫెన్సింగ్‌లో ఫాయిల్, ఎపే, సేబర్ అని మూడు రకాల కత్తులుంటాయి. సేబర్‌కు వేళ్లను కప్పే గార్డు, తిన్నటి పిడి ఉంటాయి కాబట్టి దానిలో ఈ తగువు లేదు. మొనతో మాత్రమే పాయింటు సాధించాల్సిన ఫాయిల్, ఎపేలకే పిడి ఎంపిక సమస్య. ఫ్రెంచి పిడి స్వల్పమైన వంపుతో దాదాపు తిన్నగా ఉంటుంది. బొటనవేలు, చూపుడు వేలు కత్తిని నడిపిస్తే మిగతా మూడూ వాటికి తోడుంటాయి. పిస్టల్ పిడిని గుప్పిట్లో బిగించి పడతారు. ఇటాలియన్ పిడి విషయంలో వేళ్లు పిడి దగ్గరే ఆగవు. బ్లేడు దాకా వెళ్తాయి.

అదెలాగంటే, ఈ కత్తిలో బ్లేడు గార్డు దగ్గర సన్నబడిపోదు. వెడల్పుగానే గార్డును దాటి వెనక్కి వస్తుంది. పదును లేని, చదునైన ఆ భాగాన్ని రికాసో అంటారు. రికాసో ముగిసే చోట అడ్డకడ్డీ ఉంటుంది. అడ్డకడ్డీ నుంచి గార్డు వరకు రెండు వైపులా వంపు కమ్ములు సాగుతాయి. చూపుడు వేలు అడ్డకడ్డీని దాటి ముందుకు వెళ్లి రికాసోకు కింద ఆనుకుంటుంది. బొటనవేలు పైన చదునుగా పడుకుంటుంది. మధ్య వేలు అడ్డకడ్డీతో కలిసి పనిచేస్తుంది. దాన్ని సరిగ్గా ఎక్కడ ఉంచాలన్న విషయంలో గురువుకో మాట. ఉంగరపు వేలు, చిటికెన వేలు చెక్క పిడిని పట్టి ఉంచుతాయి. చివరనున్న గుండును మణికట్టుకు ఆనించి పట్టీతో కడతారు.

ఈ అమరిక వల్ల కత్తిని పట్టి ఉంచే భారం చాలావరకు వేళ్ల మీంచి మణికట్టు మీదికి మారుతుంది. ప్రత్యర్థి బలంగా కొట్టినా కత్తి చేతిలోంచి ఎగిరిపోదు. చేయి చాచి మొనను సూటిగా నిలిపి ఉంచడం, ప్రత్యర్థి బ్లేడును తన బ్లేడుతో అదిమి పక్కకు తోసుకుంటూ దూసుకుపోవడం వంటి ఎత్తులకు ఇది అచ్చంగా సరిపోతుంది. ఇటాలియన్ పద్ధతిలో అలాంటి ఎత్తులకు పెద్దపీట వేయడం యాదృచ్ఛికం కాదు. నష్టాలూ ఉన్నాయి. మొనను వేళ్ల కొసలతో సున్నితంగా తిప్పే ఫ్రెంచి పనితనం దీనిలో అంత తేలిగ్గా రాదు. అలవాటు లేనివారికి ముంజేయి బిగుసుకుపోతుంది. పిడిని చివర పట్టుకుని నాలుగు వేళ్ల దూరం ఎక్కువ అందుకునే సౌలభ్యం ఫ్రెంచి పిడితో ఎపే ఆడేవారికి ఉంది. ఇటాలియన్ పిడితో అది కుదరదు.

అంటే ఇది అలంకారానికి మార్చుకునే పిడి కాదు. పిడి మారితే ఆట తీరే మారుతుంది. కొనేవారు ముందుగా తేల్చుకోవాల్సిన విషయం ఇదే. గోడకు తగిలించడానికైతే ఏదైనా ఫర్వాలేదు.

రేపియర్ నుంచి మిగిలింది

ఈ పిడి పుట్టింది క్రీడ కోసం కాదు. 16, 17 శతాబ్దాల్లో యూరప్‌లో నడుముకు వేలాడిన రేపియర్ అనే పొడవాటి కత్తికి వారసురాలు ఇది. మొనను అదుపులో ఉంచేందుకు అప్పట్లో చూపుడు వేలిని అడ్డకడ్డీ దాటించి పట్టుకునేవారు. ముందుకు వచ్చిన వేలికి దెబ్బ తగలకుండా పిడికి ఉంగరాల్లాంటి కమ్ములు చేర్చారు. ఇటాలియన్ ఫాయిల్‌లోని వంపు కమ్ములు ఆ ఉంగరాల గుర్తులే. రిడోల్ఫో కాపోఫెర్రో 1610లో సియెనాలో ప్రచురించిన కత్తిసాము గ్రంథాన్ని ముందేసుకుని ఇప్పటికీ సాధన చేసేవాళ్లున్నారు. తర్వాతి కాలంలో ఫ్రాన్స్‌లో కత్తి చిన్నదై, తేలికై, పిడి ఒట్టి కర్రలా మారింది. ఇటలీ, ముఖ్యంగా దాని దక్షిణ ప్రాంతం, అడ్డకడ్డీని వదల్లేదు.

అడ్డకడ్డీ దాటి వేలు పెట్టడం యూరప్ సొత్తేమీ కాదు. భారతీయ తల్వార్లలో చాలావాటికి పిడి దగ్గర పదును పెట్టకుండా వదిలిన భాగం కనిపిస్తుంది. పిడిని పట్టిన చూపుడు వేలు ముందుకు వెళ్లేది అక్కడికే. ఇక దక్కన్‌లో ఇంకో విచిత్రం జరిగింది. పోర్చుగీసుల రాక తర్వాత యూరప్ నుంచి వచ్చిన తిన్నటి పొడవాటి బ్లేడులకు ఇక్కడి పనివాళ్లు తమ పిడులు బిగించారు. వాటిని చూసి అలాంటి బ్లేడులే ఇక్కడా చేశారు. వాటి పేరు ఫిరంగి. తెలుగులో ఫిరంగి అంటే తోపు. ఆయుధాల మ్యూజియాల్లో ఫిరంగి అంటే కత్తి. రెండు మాటలూ ఫ్రాంకుల పేరు నుంచే వచ్చాయి. పరదేశపు బ్లేడుకు సొంత పిడి బిగించుకోవడం దక్కన్ కమ్మరికి సమస్యే కాలేదు. అన్నీ కొలత ప్రకారం కర్మాగారాల్లో తయారయ్యే ఈ రోజుల్లో అదే పెద్ద సమస్య అయింది.

ఏకీకృత ఇటలీకి 1861లో రూపం వచ్చినప్పుడు సైన్యానికి ఏ కత్తిసాము నేర్పాలన్నది చిన్న వివాదమేమీ కాలేదు. ఉత్తరాన మిలాన్‌లో జుసెప్పె రాదెల్లి పద్ధతికి పలుకుబడి ఉండేది. దక్షిణాన నేపుల్స్ సంప్రదాయం బలంగా ఉండేది. యుద్ధ మంత్రిత్వశాఖ పోటీ పెట్టగా నేపుల్స్‌కు చెందిన మసానియెల్లో పారిసె గ్రంథం నెగ్గింది. అది 1884లో అచ్చయింది. రోమ్‌లో గురువులను తయారుచేసే సైనిక పాఠశాల ఆయన చేతికి వచ్చింది. అలా నేపుల్స్ పిడి మొత్తం దేశపు పిడి అయింది. నేపుల్స్‌లో 1861లోనే ఏర్పడిన జాతీయ ఫెన్సింగ్ అకాడమీ నేటికీ గురువులకు డిప్లమాలిస్తోంది.

ఇక ఫ్రాన్స్, ఇటలీల మధ్య వైరం ఒలింపిక్స్ దాకా పాకింది. 1912 స్టాక్‌హోమ్ క్రీడల్లో ఫాయిల్ పోటీలో పై చేతిని కూడా లక్ష్యంగా చేర్చాలన్న తమ మాట నెగ్గలేదని ఫ్రాన్స్ ఫెన్సింగ్‌కే రాలేదు. ఎపే బ్లేడును 90 సెంటీమీటర్ల నుంచి 94కు పెంచాలన్న కోరికను కాదన్నారని ఇటలీ ఎపే పోటీకి దిగలేదు. నాలుగు సెంటీమీటర్ల కోసం ఒలింపిక్ పతకాలను వదులుకున్న దేశమది. మరుసటి ఏడాది పారిస్‌లో అంతర్జాతీయ ఫెన్సింగ్ సమాఖ్య ఏర్పడింది. నిబంధనలకు ఒక ఉమ్మడి వేదిక దొరికింది.

ఇటాలియన్ పద్ధతి కీర్తి శిఖరానికి చేరింది 1920 ఆంట్వెర్ప్ ఒలింపిక్స్‌లో. రేవు పట్టణం లివోర్నోకు చెందిన నెడో నాడి ఒక్కడే 5 స్వర్ణాలు గెలుచుకున్నాడు. తమ్ముడు ఆల్డో జట్టు పోటీల్లో 3 స్వర్ణాలు, సేబర్ వ్యక్తిగత విభాగంలో అన్న తర్వాతి స్థానం దక్కించుకున్నాడు. ఇద్దరికీ గురువు తండ్రి బెప్పె నాడి. 1930లలో అమెరికా చేరిన ఆల్డో లాస్ ఏంజెలెస్‌లో పాఠాలు చెప్పాడు. 1944లో వచ్చిన 'టు హావ్ అండ్ హావ్ నాట్' సినిమాలో అంగరక్షకుడిగా చిన్న పాత్ర కూడా వేశాడు. అంతకు ఏడాది ముందు ఆయన ఇంగ్లిష్‌లో రాసిన 'ఆన్ ఫెన్సింగ్' పుస్తకం ఇటాలియన్ ఫాయిల్‌ను గట్టిగా సమర్థించింది. అమెరికాలో ఈ పిడికి నేటికీ కొద్దిమంది భక్తులున్నారంటే ఆ పుస్తకానికీ కొంత వాటా ఉంది.

సొంతూళ్లోనే పరాయిది

అంత చరిత్ర ఉన్న పిడి ఎందుకు కనుమరుగైంది? ప్రధాన కారణం కరెంటు. దెబ్బ తగిలిందో లేదో న్యాయనిర్ణేతల కంటికి వదిలేయకుండా యంత్రంతో తేల్చే పద్ధతి ఎపేకు 1936 బెర్లిన్ ఒలింపిక్స్‌లో, ఫాయిల్‌కు 1955 రోమ్ ప్రపంచ ఛాంపియన్‌షిప్స్‌లో, ఆ వెంటనే 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో వచ్చింది. మొన దగ్గర మీట, బ్లేడు పొడవునా తీగ చేరడంతో ఫాయిల్ ముందు భాగం బరువెక్కింది. ఆ బరువును అదుపు చేయడానికి గట్టి పట్టు కావాలి. పిస్టల్ పిడి ఆ పట్టును పట్టీ కట్టుకునే శ్రమ లేకుండా ఇచ్చింది. పోటీకి పోటీకి మధ్య కత్తి మార్చుకోవడం క్షణాల్లో పని అయింది. పిస్టల్ పిడులకు నిబంధనల్లో 'ఆర్థోపెడిక్' అనే పేరుంది. చేతికి గాయమైన ఒకరి కోసం మొదట ఇలాంటిది తయారుచేశారన్నది ప్రచారంలో ఉన్న కథ.

ఇటాలియన్ పిడి ఇచ్చే బలంలో ఎక్కువ భాగాన్ని తక్కువ సరంజామాతో ఇవ్వడమే పిస్టల్ పిడి విజయ రహస్యం. దాన్ని ముందుగా ఆదరించాల్సింది బలమైన పట్టుకు అలవాటుపడిన ఇటాలియన్లే. జరిగిందీ అదే. ఒలింపిక్స్‌లో 6 స్వర్ణాలు సాధించిన వాలెంటీనా వెజాలి చేతిలో ఉన్నది పిస్టల్ పిడే. ఆమె, ఆమెకు ముందు జొవన్నా త్రిల్లిని, తర్వాత ఎలిసా డి ఫ్రాన్సిస్కా ముగ్గురూ జేసి అనే ఒకే చిన్న పట్టణం నుంచి వచ్చారు. ఇటాలియన్ ఫెన్సింగ్ బతికే ఉంది, గెలుస్తూనే ఉంది. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో ఇటలీ మహిళల ఎపే జట్టు ఫైనల్లో ఫ్రాన్స్‌ను వారి గడ్డ మీదే 30-29 తేడాతో ఓడించింది. పోయింది అడ్డకడ్డీ మాత్రమే.

ఆ అడ్డకడ్డీని పాఠ్యాంశంగా నిలబెట్టినవారిలో ముఖ్యుడు ఇటలీ బయటివాడు కావడం విశేషం. పురావస్తు శాస్త్రం బోధించిన అమెరికన్ ప్రొఫెసర్ విలియం గాగ్లర్ ఆల్డో నాడి శిష్యుడు. యూరప్‌లో మరికొందరు ఇటాలియన్ గురువుల దగ్గరా చదువుకున్నాడు. 1979లో కాలిఫోర్నియాలోని శాన్ హోసే స్టేట్ యూనివర్సిటీలో ఫెన్సింగ్ గురువులను తయారుచేసే కార్యక్రమం ప్రారంభించాడు. ఆయన 1997లో ప్రచురించిన 'ద సైన్స్ ఆఫ్ ఫెన్సింగ్' పట్టు దగ్గర నుంచి పాఠం దాకా ఇటాలియన్ పద్ధతినే వివరిస్తుంది. 2011లో ఆయన మరణించినా ఆ పరంపరలో శిక్షణ పొందినవారు అమెరికాలో నేర్పుతున్నారు. సంప్రదాయ ఇటాలియన్ పిడికి ఈనాటి గిరాకీలో కొంత వీరి నుంచే వస్తోంది. చారిత్రక కత్తిసాము అభిమానులు, పోటీల మీద ఆసక్తి లేని 'క్లాసికల్' సాధకులు మిగతా కొనుగోలుదారులు. అందరూ కలిసినా పెద్ద కర్మాగారం ప్రత్యేకంగా ఒక వరస నడపడానికి చాలరు. ఈ పిడి భవిష్యత్తుకు ముప్పు అక్కడే పొంచి ఉంది.

అరిగేది పిడి కాదు

కారణం తేలిక. ఉక్కు అడ్డకడ్డీ, గుండు దశాబ్దాల పాటు నిలుస్తాయి. చెక్క అరిగితే వడ్రంగి కొత్తది చేసిస్తాడు. బ్లేడు అలా కాదు. వంగి వంగి ఏదో ఒక రోజు విరగడం దాని నైజం. క్రమంగా సాధన చేసేవారికి బ్లేడు అంటే ఎప్పటికప్పుడు కొనాల్సిన సరుకే. మామూలు బ్లేడు విరిగితే ఏ దేశంలోనైనా మరొకటి దొరుకుతుంది. రికాసోతో కూడిన బ్లేడు కావాలంటే దాన్ని ఇంకా తయారుచేస్తున్న కొద్దిమందినే ఆశ్రయించాలి. వాళ్లు మానేసిన రోజున బంగారంలాంటి పిడి ఉన్నా దానిలో బిగించడానికి ఏమీ ఉండదు. అందుకే అనుభవజ్ఞులైన కొనుగోలుదారులు పిడి బాగోగుల కంటే ముందు బ్లేడు సరఫరా గురించి ఆరా తీస్తారు.

రెండు రకాల బ్లేడుల తేడాను కళ్లతోనే పట్టవచ్చు. పిడిలో దూరే తోక భాగాన్ని టాంగ్ అంటారు. ఫ్రెంచి బ్లేడు గార్డు దగ్గరే భుజంలా ఆగి అక్కడి నుంచి సన్నటి టాంగ్‌గా మారుతుంది. పిస్టల్ పిడి కోసమైతే ఆ టాంగ్‌ను కోసి పొట్టిగా చేస్తారు. ఇటాలియన్ బ్లేడులో గార్డు వెనక ముందు రికాసో, ఆ తర్వాతే టాంగ్ వస్తాయి. ఫ్రెంచి బ్లేడును ఆకురాయితో అరగదీసి ఇటాలియన్‌గా మార్చడం అసాధ్యం. లేని లోహాన్ని అరగదీత తీసుకురాలేదు కదా! రికాసోను వెల్డింగ్‌తో అతికించుకుందామన్న ఆలోచన మరీ ప్రమాదకరం. ఆ వేడికి ఉక్కు పాకం చెడుతుంది, బ్లేడు ఎక్కడ విరుగుతుందో చెప్పలేం.

గార్డు విషయమూ అంతే. రికాసో దూరేందుకు వీలుగా ఇటాలియన్ గార్డు మధ్యలో దీర్ఘచతురస్రాకారపు చీలిక ఉంటుంది. మామూలు గార్డు రంధ్రం అంతకంటే చిన్నది. దాన్ని ఇంటి దగ్గర పెద్దది చేస్తే కత్తి లోపల కదలడం మొదలవుతుంది. బ్లేడు, గార్డు, లోపలి మెత్త, కమ్ములతో సహా అడ్డకడ్డీ, చెక్క పిడి అన్నిటినీ వరసగా ఎక్కించాక చివరి గుండును మరలా తిప్పి బిగిస్తారు. మొత్తాన్ని కలిపి ఉంచేది ఆ ఒక్క మరే. ఇక్కడా ఒక పేచీ ఉంది. చాలా దేశాల్లో మరచుట్టు 6 మిల్లీమీటర్ల మెట్రిక్ కొలతలో ఉంటే కొన్ని అమెరికన్ కత్తుల్లో అంగుళాల కొలత కనిపిస్తుంది. ఒకచోట గుండు, మరోచోట బ్లేడు కొంటే రెండూ కలవకపోవచ్చు. కాబట్టి మొదటిసారి కొనేవారు విడి భాగాల జోలికి పోకుండా ఒకే చోట బిగించిన కత్తిని తీసుకోవడం మేలు. దాంతోపాటు అదే కొలతలో ఒకటి రెండు బ్లేడులు అదనంగా కొనాలి. ఖర్చు పెరిగినట్లు కనిపిస్తుంది గానీ, మొదటి బ్లేడు విరిగిన రోజున ఆ లెక్క తేలుతుంది.

పోటీల్లో దిగాలనుకునేవారు మరో మెట్టు ఎక్కాలి. నిబంధనలు సంప్రదాయ ఇటాలియన్ పిడిని నిషేధించలేదు. ప్రత్యేక ఆకారం ఉన్న ఏ పిడికైనా వర్తించే షరతులు రెండు: చేతికి ఒకే ఒక్క స్థానం ఉండాలి, చాచిన బొటనవేలి కొస గార్డు లోపలి వైపు నుంచి 2 సెంటీమీటర్లకు మించి దూరంలో ఉండకూడదు. రికాసో మీద బొటనవేలు పెట్టేవారికి రెండోదానితో ఇబ్బంది లేదు. 'స్పానిష్' పేరుతో చలామణి అయ్యే పిడులు మాత్రం పాత సామగ్రి మధ్య కనిపిస్తే జాగ్రత్త పడాలి. పక్కకు పొడుచుకొచ్చిన కొమ్ములు, వెనక పొడవైన గుండు ఉండి, రెండు రకాలుగా పట్టుకునే వీలుండటంతో వాటిని పోటీల్లో అనుమతించరు. చూపరులకు అవి ఇటాలియన్ పిడిలాగే అనిపిస్తాయి.

అసలు అడ్డంకి బ్లేడు మీది ముద్ర. 1982లో రోమ్‌లో జరిగిన ప్రపంచ ఛాంపియన్‌షిప్స్‌లో ప్రత్యర్థి ఫాయిల్ విరిగి ముసుగును చీల్చుకుని లోపలికి దిగడంతో సోవియట్ యూనియన్‌కు చెందిన ఒలింపిక్ విజేత వ్లదిమిర్ స్మిర్నోవ్ కొద్ది రోజుల తర్వాత కన్నుమూశాడు. ఆ విషాదం తర్వాత ముసుగులు, దుస్తులు, బ్లేడుల ప్రమాణాలు మారిపోయాయి. పగుళ్లు నెమ్మదిగా పాకే మారేజింగ్ ఉక్కు వాడకంలోకి వచ్చింది. అంతర్జాతీయ స్థాయిలో ఫాయిల్, ఎపే ఆడాలంటే సమాఖ్య ఆమోద ముద్ర ఉన్న బ్లేడు తప్పనిసరి. ఆ ముద్రతో వచ్చే బ్లేడులు అత్యధికం ఫ్రెంచి టాంగ్‌తోనే వస్తాయి. స్థానిక పోటీల్లో ఏ నిబంధన అమల్లో ఉందో ఆర్డరు పెట్టే ముందే నిర్వాహకులను అడగడం మంచిది. 'ముత్తాత కాలం నాటి అసలు ఇటాలియన్ ఫాయిల్' అంటూ అమ్మకానికి వచ్చే వాటితో ఆడకపోవడమే క్షేమం. గార్డు లోపల, రికాసో అంచుల్లో పట్టిన తుప్పు విప్పి చూస్తే గానీ బయటపడదు.

విద్యుత్ అమరికకు ఓపిక కావాలి. గార్డు లోపల ఒకవైపు వేళ్లు, మరోవైపు వంపు కమ్ములు ఉండగా సాకెట్‌ను ఇరికించాలి. తీగ వేళ్లు ఆనుకునే రికాసో పక్కనుంచే దిగుతుంది కాబట్టి దానికి రాపిడి తగలకుండా గొట్టం తొడగాలి. తొడిగే ముందు మెత్తను రికాసోకు తగినట్లు కోయాలి. విద్యుత్ లేని సాధన కత్తి మాత్రమే చాలనుకునేవారికి ఈ బాధలేవీ లేవు. ఈ పిడి తన అసలు గుణాన్ని చూపేదీ తేలికైన మొన ఉన్న ఆ కత్తిలోనే.

లివోర్నో దాకా వెళ్లిన దారి

భారత్‌లో ఫెన్సింగ్ సంఘం ఏర్పడింది 1974లో. ఆటకు జనంలో గుర్తింపు తెచ్చింది మాత్రం చెన్నై క్రీడాకారిణి భవానీ దేవి. వెదురు కర్రలతో సాధన మొదలుపెట్టిన ఆమె 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌కు అర్హత సాధించిన తొలి భారత ఫెన్సర్‌గా చరిత్రకెక్కింది. తొలి పోటీలో ట్యునీషియా క్రీడాకారిణిపై 15-3తో గెలిచి, తర్వాతి పోటీలో ఓడింది. 2023 ఆసియా ఛాంపియన్‌షిప్స్‌లో కాంస్యం సాధించింది. టోక్యోకు ముందు కొన్నేళ్లపాటు ఆమె శిక్షణ పొందింది నాడి సోదరుల ఊరు లివోర్నోలోనే, నికోలా జానొట్టి అనే ఇటాలియన్ గురువు దగ్గర. ఆమె ఆయుధం సేబర్ కాబట్టి పిడి గొడవ ఆమెకు లేదు. కానీ ఇటాలియన్ పాఠం కోసం ఒక భారతీయురాలు ఎంత దూరం వెళ్లాల్సి వచ్చిందో ఆమె ప్రయాణం చెబుతుంది.

కర్రలతో నేర్చుకోవాల్సి వచ్చిన దేశంలో రికాసో ఉన్న బ్లేడు విలాసంగా కనిపించవచ్చు. నిజానికి ఆటలో పైకి రావాలనుకునే పదమూడేళ్ల పిల్లకు ఇది అవసరం లేదు. ఆమె కోచ్ చెప్పిన పిస్టల్ పిడో, ఫ్రెంచి పిడో పట్టుకోవడమే సరి. కోచ్‌కు తెలియని పట్టుతో నేర్చుకుంటే ప్రతి పాఠమూ సగం అపార్థమే అవుతుంది. ఇప్పటికే కొన్నేళ్లు ఆడి, ఈ ఎత్తు ఇలాగే ఎందుకు పుట్టిందని తెలుసుకోవాలనుకునేవారికే ఈ పిడి. వారికైనా పుస్తకంతో మొత్తం పని జరగదు. మధ్య వేలు ఎక్కడ ఆనాలో, పట్టీ ఎంత బిగించాలో చూసి సరిదిద్దే మనిషి కావాలి. పట్టీ మరీ బిగిస్తే మణికట్టు తిరగదు. వదులైతే గుండు ఊగి పిడి ప్రయోజనమే పోతుంది. విదేశాలకు వెళ్లే వీలున్నవారు, అక్కడ స్థిరపడినవారు ముందు గురువును వెతుక్కుని, ఆయన వాడే కొలతలనే కొనడం ఉత్తమం. తిరిగొచ్చేటప్పుడు కత్తిని విమానంలో చేతి సంచిలో తెస్తామంటే కుదరదు, చెక్-ఇన్ సామాన్లలో వేయాల్సిందే. తపాలాలో తెప్పించుకుంటే ధరకు రవాణా ఖర్చు, కస్టమ్స్ సుంకం తోడవుతాయి. సరిపోలేదని వెనక్కి పంపితే రవాణా ఖర్చు రెండోసారి పడుతుంది.

కాబట్టి ఆర్డరులో 'ఇటాలియన్' అన్న ఒక్క మాటతో సరిపెట్టకూడదు. అడ్డకడ్డీ ఉన్న సంప్రదాయ పిడి అని రాయాలి. ఫాయిలో, ఎపేనో చెప్పాలి. బ్లేడు పొడవులో రికాసోను కలిపి లెక్కించారా, గార్డు ముందు నుంచి కొలిచారా అని అడగాలి. రికాసో పొడవు, వెడల్పు, మందం మిల్లీమీటర్లలో రాయించుకోవాలి. రాబోయే బ్లేడులు కూడా అదే కొలతలో దొరుకుతాయా అన్నదానికి సమాధానం వచ్చాకే డబ్బు పంపాలి. అడ్డకడ్డీకీ గార్డుకూ మధ్య ఖాళీ ఎంత ఉండాలో తేల్చుకునేందుకు వేలిని కొలిచేటప్పుడు ఫెన్సింగ్ తొడుగు వేసుకునే కొలవాలి. ఒట్టి వేలికి హాయిగా సరిపోయిన ఖాళీలో తొడుగు వేసుకున్న వేలు ఇరుక్కుపోతుంది.